గాలికీ ఒక ఊరుంటుంది: నెల్లూరు తీరపు కనిపించని జాతి

నెల్లూరు తీరంలో గాలి అనే మాట రెండు పనులు చేస్తుంది. తెల్లవారుజామున ఒడ్డున నిలబడి పడవ దించాలా వద్దా అని చూసే మనిషికి అది సముద్రం సంగతి చెప్పే గాలి. అదే రోజు సందెవేళ బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు ఆపకపోతే "గాలి సోకిందే" అంటూ వాళ్లమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తుంది. రెంటికీ మాట ఒకటే. రెండూ కంటికి కనబడవు, తగిలితేనే తెలుస్తాయి. రెంటికీ వేళలున్నాయి. కనిపించని ఒక జాతిని ఊహించుకున్న జనం దానికి పెట్టుకున్న మొదటి పేరు, ఇంట్లో రోజూ వాడే మాటే.

కొత్త కల్పలోకాన్ని అల్లే రచయిత సాధారణంగా శక్తులతో మొదలుపెడతాడు. ఈ జాతి ఎగరగలదు, ఆ జాతి రూపం మార్చగలదు, మరొకటి నిప్పు కక్కగలదు. తెలుగులో ఈ పనిని గొప్పగా చేసినవాళ్లున్నారు. 1954లో చందమామలో 'తోకచుక్క' ధారావాహికతో దాసరి సుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన లోకాలు ఒక తరం పిల్లల నిద్ర చెడగొట్టాయి. అంతకు మూడేళ్ల ముందే 'పాతాళభైరవి' వెండితెర మీద మాంత్రికుడికీ దేవతకూ మధ్య బేరం ఎలా నడుస్తుందో చూపించింది. వాటి ముందు నేను పెట్టదలచుకున్నది సంతకం లేని కల్పన. పెన్న సముద్రంలో కలిసే చోటు నుంచి పులికాట్ సరస్సు దాకా, ఒడ్డు నుంచి ఒక రోజు నడక దూరంలోని పల్లెలతో సహా, శతాబ్దాలుగా పోగుపడిన అదృశ్యలోకం అది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ లోకం హద్దులు మాత్రం కలెక్టరు కార్యాలయం గీసినవి కావు కనుక, ఈ వ్యాసంలో పాత తీరాన్నే తీసుకుంటున్నాను. నా వాదం ఇది: ఈ తీరంలో కనిపించని జాతిని నిర్వచించేది దాని శక్తి కాదు. దాని ఊరు ఏది, దానికి మనం పడ్డ బాకీ ఏమిటి అన్న రెండు ప్రశ్నలే.

ఈ లోకాన్ని కాగితం మీద పెట్టిన తొలివాళ్లు బయటివాళ్లు. జె.ఎ.సి. బాస్వెల్ 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్ రాశాడు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో వచ్చిన ఎడ్గార్ థర్స్టన్ ఏడు సంపుటాలలో ఇక్కడి ఆదివాసులైన యానాదులకు పెద్ద భాగమే దక్కింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గ్రామదేవతల మీద రాసిన పుస్తకం 1916 నాటిది. వీళ్లందరిలో ఈ నేలకు దగ్గరగా బతికినవాడు డబ్ల్యు.టి. ఎల్మోర్. నెల్లూరు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీగా పనిచేసి, 1915లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం నుంచి ఇక్కడి దేవతల మీద గ్రంథం వెలువరించాడు. ఆర్య, ద్రావిడ అంటూ జాతుల గీత గీసి ప్రతిదాన్నీ అటో ఇటో నెట్టడం ఆయన పెద్ద లోపం. ఈ కొలుపులను మాన్పించడానికి వచ్చిన మనిషి వాటిని రాస్తున్నాడన్నదీ మరవకూడదు. అయినా ఆయన చెవి మంచిది. పోలేరమ్మ, అంకమ్మ, ముత్యాలమ్మ, ఢిల్లీ పోలసి, బంగారమ్మ, మాతమ్మ, రేణుక అని ఏడుగురు అక్కచెల్లెళ్ల వరుసనూ, వాళ్ల తమ్ముడు పోతురాజునూ ఊరి జనం చెప్పినట్టే రాసుకున్నాడు. ఇంకో సంగతి కూడా పట్టుకున్నాడు. ఇక్కడి దేవతలలో చాలామంది ఒకప్పుడు మనుషులు.

ఈ సంగతి దగ్గర కొంచెం ఆగాలి. కల్పలోకాల్లో యక్షుడు యక్షుడిగానే పుడతాడు, రాక్షసుడు రాక్షసుడిగానే పుడతాడు. నెల్లూరు పల్లెల్లో పేరంటాలు అలా పుట్టదు. ఆమె నిన్నటిదాకా ఎవరికో కోడలు, ఎవరికో చెల్లెలు. భర్త చితిలో పడిపోయిన ఆడమనిషి, ముత్తైదువగా పోయిన ఇల్లాలు, పెళ్లి కావలసిన రోజుల్లో పోయిన పిల్ల, ఇలా బతుకు నిండక ముందే వెళ్లిపోయినవాళ్లు పేరంటాళ్లవుతారు. పేరంటం అంటే ముత్తైదువలను పసుపు కుంకుమలకు పిలవడం. బతికుండగా పిలుపు అందుకున్న మనిషిని చనిపోయాక కూడా పిలుస్తూనే ఉండటం ఆ పేరులోనే ఉంది. ఊరి కోసమో, ఆవుల కోసమో, మాట కోసమో పడిపోయిన మగవాడు వీరుడవుతాడు, రాయి మీద కత్తితో నిలబడతాడు. చావు తీరు కుదరక, పిలిచే దిక్కు లేక మిగిలిపోయినది దయ్యం. దయ్యానికీ దేవతకూ మధ్య జాతిభేదం లేదు. ఉన్న తేడా పిలుపు అందడం, అందకపోవడం. అందుకే ఇంట్లో వరసగా కీడు జరిగితే పెద్దలు మొదట "మనింట్లో పోయినవాళ్లకు చీర పెట్టామా?" అని అడుగుతారు. మందూ మంత్రమూ ఆ తర్వాతి మాట. నా దృష్టిలో ఇది కల్పనాశక్తి పరంగా చాలా సాహసమైన నిర్ణయం. ఆ జాతిలోకి వెళ్లే దారి ప్రతి ఇంటి గుమ్మం నుంచీ ఉంది.

మతం మారినా ఈ నియమం మారలేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో ఉన్నది యుద్ధంలో అమరులైన పన్నెండు మంది వీరులు. మొహర్రం రోజుల్లో అక్కడ జరిగే రొట్టెల పండుగకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. 2015లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. చెరువు నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవాళ్లు కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి అదే పేరుతో రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె పాతవి. వీసా రొట్టె ఈ మధ్య చేరింది. వరమిచ్చే వీరుడికి నేరుగా తిరిగిచ్చేది ఏమీ లేదు. బాకీ తీరేది మనిషి నుంచి మనిషికి. ఇంత చక్కటి అప్పుల లెక్కను ఏ కల్పిత కథలోనూ నేను చూడలేదు.

ఇక ఊరి సంగతి. పోలేరమ్మ పేరులో పొలిమేర ఉందని మన పెద్దలు చెబుతారు. ఆమె పనీ అదే చెబుతుంది. కొలుపు రాత్రి బలి రక్తం కలిపిన అన్నాన్ని, అంటే పొలిని, ఊరి హద్దు చుట్టూ చల్లుకుంటూ నడుస్తారు. ఆ నడక గురించి వైట్‌హెడ్ కాలం నుంచీ నమోదైన ఒక వివరం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. పక్క ఊరివాళ్లు ఆ పొలిలో కాస్త దొంగిలించి తమ పొలంలో చల్లుకుంటే ఈ ఊరి చలవంతా అటు వెళ్లిపోతుందట. అందుకే కర్రలు పట్టుకుని కాపలా కాసేవారు. అంటే అమ్మ దయ అంతటా పరుచుకున్న వెలుగు కాదు. చెరువు నీళ్లలాగా దానికి కట్ట ఉంది, గండి కొట్టేవాడూ ఉంటాడు. కట్ట తెగి చెరువు పోవడం అంటే ఏమిటో తెలిసిన రైతులు కట్టుకున్న నమ్మకం ఇది. వేదాంతి ఊహకు ఇది తట్టదు.

కాలానికీ హద్దు ఉంది. వెంకటగిరి పోలేరమ్మ జాతర భాద్రపదంలో, వినాయక చవితి తర్వాత వస్తుంది. కుమ్మరి ఇంట మట్టితో అమ్మ రూపం తయారవుతుంది. ఊరేగి, పూజలందుకుని, జాతర ముగిసేసరికి ఆ మట్టి ఒళ్లు విరూపమవుతుంది. ఏడాదికి ఒక్కసారి మాత్రమే ఆమెకు శరీరం. మిగతా రోజుల్లో ఆమె వేపచెట్టులోనో రాతిలోనో ఉండవచ్చు, ఊరి మధ్య నిలువెత్తున నిలబడకూడదు. మశూచి ఉన్న కాలంలో ఈ నియమానికి భయంకరమైన అర్థం ఉండేది. అమ్మ పోసింది అంటే ఆమె ఒక ఒంట్లోకి వచ్చిందని. రావడం ఆమె హక్కు, వెళ్లడం ఆమె దయ. 1975 తర్వాత దేశంలో మశూచి లేదు. అమ్మ మాత్రం ఊరు విడిచి పోలేదు. రోగం కోసం పుట్టిన దేవత రోగంతో పోవాలన్న సూత్రం ఇక్కడ పనిచేయలేదంటే, ఆమెను మనం మొదటి నుంచీ తప్పుగా చదివినట్టే. పొలిమేర కాయడం ఆమె ఉద్యోగం. మశూచి ఆ పొలిమేర దాటి వచ్చినవాటిలో ఒకటి.

నేల మీద రాయి పాతి హద్దు చెప్పవచ్చు. నీళ్ల మీద ఎలా? ఇక్కడే తీరం లోపలి పల్లెల నుంచి విడిపోతుంది. పట్టపు జాలరులు తెప్పల మీద వెళ్లే సముద్రానికి ఊరి దేవత లేదు, గంగమ్మ ఉంది. తెలుగులో గంగ అంటే నది పేరు మాత్రమే కాదు, నీరంతా గంగే. బావిలో ఊరినదీ గంగే, ఉప్పెనై వచ్చినదీ గంగే. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడూ, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడూ ఒడ్డు మీదికి వచ్చినది రోజూ అన్నం పెట్టే తల్లే. నీటికి హద్దురాయి లేదు కనుక పులికాట్ సరస్సులో జాలరులు హద్దును రోజుల్లోకి మార్చుకున్నారు. 'పాడు' అనే పద్ధతిలో ఏ చోట ఏ రోజు ఎవరి వల పడాలో వంతుల ప్రకారం తేలుతుంది. గంగమ్మ కొలుపుకూ పాడుకూ నేరుగా సంబంధం ఉందని నేను అనడం లేదు. ఒకే బుద్ధి రెండింటినీ కట్టిందని మాత్రం అంటాను. మట్టి పోలేరమ్మకు వంతు రోజులున్నట్టే వలకూ వంతు రోజుంది.

గంగ ఇక్కడి కథల్లో మాట్లాడుతుంది కూడా. 13వ శతాబ్దిలో నెల్లూరు సిద్ధిరాజుకూ గొల్ల కాటమరాజుకూ పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర జరిగిన యుద్ధం చుట్టూ అల్లుకున్న కథాచక్రం తెలిసిందే. తిక్కన సోమయాజి వంశంవాడైన ఖడ్గ తిక్కన ఆ యుద్ధంలోనే పడిపోయాడు. తగవు పుల్లరి దగ్గర మొదలైంది. పచ్చిక మేసినందుకు ఏమివ్వాలి, కరవులో పచ్చికే లేకపోతే ఇవ్వాలా? ఆ కథలోనే గంగ కాటమరాజును పెళ్లాడమంటుంది, అతడు ఒప్పుకోడు, ఇద్దరికీ పెద్ద వాదం నడుస్తుంది. దేవత శపించి పని ముగించవచ్చు కదా, ఎందుకు వాదిస్తుంది? ఈ లోకంలో ఆమెకు కూడా ఒప్పందం కావాలి గనుక. రాజుతో కౌలు మాట, గంగతో పెళ్లి మాట, రెండూ ఒకే కథలో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికమని నేను అనుకోను. మాట తప్పితే రక్తం పారుతుందని ఆ కథ చెప్పిన గొల్లలకు తెలుసు. వాళ్లు గంగ జాతరలో ఈ కథనే పాడించుకుంటారు.

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మకు ఇంకో రకం ఒప్పందం. గుడికి తలుపులు లేవు. ఒకప్పుడు తలుపులు పెట్టించబోతే వద్దని కలలో చెప్పిందనీ, పక్కన పెట్టిన ఆ చెక్క చిగురించి చెట్టయిందనీ స్థలకథ. రాత్రీ పగలూ ఎవరైనా వెళ్లవచ్చు. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగానికి ముందు అంతరిక్ష శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి దణ్ణం పెట్టుకోవడం పత్రికల్లో ప్రతిసారీ చూస్తాం. చాలామంది దాన్ని విజ్ఞానానికీ నమ్మకానికీ ముడిపెట్టి చర్చిస్తారు. నాకు అంతకన్నా సూటిగా కనబడేది పాత మర్యాద. ఒకరి పొలిమేరలో పని మొదలుపెట్టేవాడు ఆ పొలిమేర కాసే ఆమెకు చెప్పి వెళతాడు.

ఆ గుడి నుంచి తూర్పుకు, సరస్సు మీదుగా వేసిన రోడ్డు శ్రీహరికోటకు పోతుంది. 1969లో ఆ ద్వీపాన్ని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు లేచింది. దేశానికి అది గర్వకారణం, నాకూ అంతే. కానీ అంతకు చాలా ముందు నుంచీ ఆ అడవి యానాదులది. 1835లో ద్వీపం కుంఫిణీ ప్రభుత్వం చేతికి వచ్చేనాటికే తేనె, దుంపలు, మూలికలు, పాముల జాడ అన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు కొలిచే దేవుళ్లకు గోపురాలు లేవు. చెట్టు, పుట్ట, ఒక రాయి, ఒక మలుపు, అంతే. రాకెట్ల కోసం ద్వీపం నుంచి తరలించిన మనుషులను కొత్త కాలనీలకు మార్చవచ్చు, ఇళ్లు కట్టివ్వవచ్చు. పైన చెప్పిన నియమం నిజమైతే, ఊరిని బట్టే ఉనికి ఉన్న జాతిని అలా మార్చడం కుదరదు. పిలిచే మనిషి ఒక ఒడ్డున, పిలుపు అందవలసిన చెట్టు మరో ఒడ్డున మిగిలిపోతాయి. పిలుపు అందనిది ఏమవుతుందో ఈ తీరం మనకు ముందే చెప్పింది.

అందుకే ఈ తీరం మీద ఇప్పుడు జరగవలసిన పని దేవతల పేర్ల పట్టిక కాదు. అది ఎల్మోర్ కాలానికే చాలావరకు అయిపోయింది. ద్వీపం లోపల పుట్టి బయట ముసలివాళ్లయిన యానాది ఆడవాళ్లనూ మగవాళ్లనూ కూర్చోబెట్టి ఒక్కొక్క చోటి గురించీ అడగాలి. ఏ వాగు మలుపు, ఏ చెట్టు, అందులో ఉన్నది ఎవరు, బతికుండగా ఎవరికి ఏమయ్యేది, ఏ నెలలో ఏం పెట్టేవాళ్లు, చివరిసారి పెట్టింది ఎవరు. ఇప్పుడు ఎక్కడి నుంచి, ఏ దిక్కుకు తిరిగి పెడుతున్నారు.