హంప్ మార్గంలో గల్లంతైన వైమానికులు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అస్సాంలోని చబువా, దింజన్, మోహన్‌బాడి, జోర్హాట్ విమానస్థావరాల నుంచి చైనాలోని కున్మింగ్‌కు సరుకు చేరవేసిన వైమానిక మార్గాన్ని అమెరికన్ వైమానికులు హంప్, అనగా మూపురం, అని పిలిచేవారు. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించి, లాషియో మీదుగా చైనాకు పోయే రోడ్డును మూసివేయడంతో, చాంగ్ కై షేక్ ప్రభుత్వానికి పెట్రోలు, ఆయుధాలు పంపడానికి హిమాలయాల తూర్పు కొసను విమానంలో దాటడమే దారి అయింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 6,50,000 టన్నుల సరుకు ఈ మార్గాన చేరింది. దాదాపు 600 విమానాలు నష్టపోగా, 1,600 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు.

ఈ ప్రాణనష్టంలో జపాన్ యుద్ధవిమానాల వాటా స్వల్పమే. రెక్కలపై పేరుకునే మంచు, గంటకు 150 కిలోమీటర్లకు మించిన గాలులు, నమ్మదగని పటాలు, తరచు మొరాయించే సీ-46 రవాణా విమానాల ఇంజన్లు, తగినంత అనుభవం లేని యువ పైలట్లు అసలు కారణాలు. 1944లో ఈ మార్గానికి అధిపతిగా వచ్చిన విలియం టన్నర్ భద్రతా నియమాలను బిగించేదాకా, సరుకు చేరడానికి ఇచ్చిన ప్రాధాన్యం సిబ్బంది క్షేమానికి దక్కలేదనే చెప్పాలి.

గమ్యం చేరని విమానం గురించి దాని దళం ఒక నివేదిక పంపవలసి ఉండేది. 1943 నుంచి అమలైన ఈ పత్రంలో సిబ్బంది పేర్లు, చివరిసారి కనిపించిన చోటు, ఆనాటి వాతావరణంతో పాటు ఇంజన్ల క్రమసంఖ్యలు కూడా నమోదయ్యేవి. 1942 నాటి అమెరికా చట్టం ప్రకారం గల్లంతైనవారి ఖాతాలో జీతం జమవుతూ ఉండేది. 12 నెలలు గడిచినా ఆచూకీ తెలియకపోతే, భౌతికకాయం దొరకకున్నా, ఆ వ్యక్తి మరణించినట్లు నిర్ణయించే అధికారం సైనికశాఖకు ఉండేది.

ప్రాణాలతో తిరిగివచ్చినవారూ లేకపోలేదు. 1943 ఆగస్టులో పాత్రికేయుడు ఎరిక్ సెవరైడ్ ఉన్న సీ-46 చెడిపోగా, అందులోనివారు నాగా కొండల్లోకి పారాషూట్లతో దూకారు. వైమానిక వైద్యుడు డాన్ ఫ్లికింజర్, ఇద్దరు సహాయకులు తామూ అక్కడికే దూకి క్షతగాత్రులకు చికిత్స చేశారు. ఆ తరువాత చబువాలో ప్రత్యేక గాలింపు దళం ఏర్పడింది. స్థానిక గిరిజనుల ఆశ్రయం, దారిచూపు లేకుంటే ఆ అడవుల నుంచి బయటపడినవారి సంఖ్య ఎంతో తగ్గిపోయేది.

యుద్ధానంతరం అమెరికా సైన్యపు సమాధుల విభాగం గాలించినా, దట్టమైన అడవి, నిటారైన లోయలు చాలా శకలాలను దాచివేశాయి. 1944 జనవరి 25న కున్మింగ్ నుంచి చబువాకు వస్తూ ఎనిమిది మందితో అదృశ్యమైన బీ-24 బాంబర్ 2006లో నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో కనబడింది. అక్కడ సేకరించిన అవశేషాలను భారత ప్రభుత్వం 2016లో అమెరికాకు అప్పగించగా, డీఎన్ఏ పరీక్షల ద్వారా గుర్తించిన ఒక అధికారికి 2017లో జార్జియా రాష్ట్రంలోని స్వస్థలంలో అంత్యక్రియలు జరిగాయి.