మైలేజీ పెంచుతామనే పరికరాలు: వాస్తవమెంత?

ఇంధనపు గొట్టానికి బిగించే అయస్కాంతం, ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలో అమర్చే రెక్కల చక్రం, డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్‌లో గుచ్చే చిన్న పెట్టె, నీటి నుంచి హైడ్రోజన్ తీసే కిట్, ట్యాంకులో వేసే మాత్ర. ఇవి రూపంలో వేరైనా వీటి ప్రకటనలు ఇచ్చే హామీ ఒక్కటే: ఇంధనం పూర్తిగా మండుతుంది, కనుక మైలేజీ పెరుగుతుంది. ఈ హామీలోని మొదటి సగమే నిలవదు.

మంచి స్థితిలో ఉన్న ఇంజెక్షన్ ఇంజిన్‌లో కాలకుండా మిగిలే పెట్రోలు ఒకటి రెండు శాతానికి మించదు. వాహనం నష్టపోయే శక్తిలో అధిక భాగం వేడి రూపంలో రేడియేటర్ ద్వారా, సైలెన్సర్ ద్వారా పోతుంది. దహనాన్ని ఎంత మెరుగుపరచినా ఆ వేడి వెనక్కి రాదు. 20, 30 శాతం ఆదా అనే మాటకు ఇంజిన్‌లో చోటే లేదు. పైగా దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తరం పెట్రోలు ఇంజిన్లలో ఆక్సిజన్ సెన్సర్ పొగను నిరంతరం గమనిస్తూ, ఒక వంతు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 వంతుల గాలి అందేలా చూస్తుంది. బయటి పరికరం ఈ పాళ్లను కదిలిస్తే కంప్యూటర్ దానిని మళ్లీ సరిచేస్తుంది.

హైడ్రోజన్ కిట్ సంగతి మరీ విచిత్రం. నీటిని విడగొట్టే విద్యుత్తు ఆల్టర్నేటర్ నుంచి రావాలి. ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజిన్. ఇంజిన్‌ను నడిపేది పెట్రోలు. తయారైన వాయువును మండిస్తే తిరిగి వచ్చేది ఖర్చుపెట్టిన దానికన్నా తక్కువే. ఇక ఓబీడీ పెట్టెలు వారం పది రోజుల్లో డ్రైవింగ్ తీరు నేర్చుకుంటాయని చెబుతారు. కొన్నింటిని విప్పి చూసిన ఇంజినీర్లకు లోపల కనిపించింది దీపాలు వెలిగించే సర్క్యూట్ మాత్రమే. వాహన కంప్యూటర్‌తో మాట్లాడే భాగమే వాటిలో లేదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను 100కు పైగా పరిశీలించింది. స్వల్ప ప్రయోజనమైనా చూపినవి బహు కొద్ది. కొన్ని ఇంజిన్‌కు హాని చేయవచ్చనీ, కాలుష్యాన్ని పెంచవచ్చనీ ఆ సంస్థ హెచ్చరించింది. మన దేశం చూసిన ప్రసిద్ధ ఉదంతం పరికరానిది కాదు, ఇంధనానిది. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు తయారుచేశానని ప్రకటించి శాస్త్రవేత్తల ఎదుట ప్రదర్శనలు కూడా ఇచ్చారు. సీబీఐ కేసు సుదీర్ఘంగా సాగి, 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష విధించింది.

అయినా, పరికరం బిగించాక మైలేజీ పెరిగిందని చెప్పేవారందరూ అబద్ధమాడుతున్నారనుకోరాదు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటర్ 180 కిలోమీటర్లు తిరిగితే 4 లీటర్లు పట్టాలి. బంకులో నాజిల్ కాస్త ముందే ఆగి 3.5 లీటర్లే పడితే లెక్కలో మైలేజీ 51 దాటుతుంది. ఆ తేడా తరువాతి ట్యాంకులో సర్దుకుంటుంది, కానీ అప్పటికే నమ్మకం కుదిరిపోతుంది. డబ్బు పెట్టి కొన్నవారు కొన్నాళ్లు నెమ్మదిగా నడపడమూ సహజమే. అందుకే పాత అలవాట్లతో, అదే దారిలో, పరికరం ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ పలు ట్యాంకుల సగటు తీస్తే తప్ప ఆ లెక్కకు విలువ లేదు.

నష్టం పరికరం ధరతో ఆగకపోవచ్చు. రోజుకు ఇన్ని లీటర్లని లెక్కపెట్టుకుని బతికే ఆటో డ్రైవర్‌కు ఆ సొమ్మే భారం. దానికితోడు వైరింగ్ కత్తిరించి కిట్ అమర్చిన వాహనానికి కంపెనీ వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. ఖర్చు లేని మార్గం టైర్లలో సరైన గాలి, సమయానికి సర్వీసింగ్, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల స్థిరమైన వేగం. పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం ఏళ్లుగా చెబుతున్నది ఇదే.

తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారుకు, ప్రచారం చేసినవారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పునరావృతమైతే అది 50 లక్షల దాకా వెళుతుంది. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు, ప్రకటన ప్రతి దగ్గర ఉంచుకోవాలి.