ఒక యుద్ధ వైమానికుని సర్వీసు రిజిస్టరు

ఉద్యోగ జీవితంలో చాలాకాలం ఇతరుల సర్వీసు రిజిస్టర్లు రాసిన చేయి నాది. ఆ అలవాటు చొప్పున చరిత్ర పుస్తకం చదివినా చేరిన తేదీ, శిక్షలు, రివార్డులు, పదవీ విరమణ - ఇవే ముందుగా చూస్తాను. ఈ ప్రత్యేక సంచికలో అటువంటి ఒక రిజిస్టరును మిత్రుల ముందుంచుతున్నాను. ఇది రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన ఎరిక్ హార్ట్‌మన్ అనే యుద్ధ విమాన చోదకునిది.

హార్ట్‌మన్ 1922 ఏప్రిల్ 19న జన్మించాడు. తండ్రి వైద్యుడు. తల్లి ఇంజను లేని గ్లైడర్లు నడిపేది. కుమారునికి ఆ విద్యలో తొలి గురువు ఆమెయే. 1940 అక్టోబరులో వైమానిక దళంలో చేరి, శిక్షణ ముగించుకొని, 1942 అక్టోబరులో రష్యా యుద్ధరంగానికి వచ్చాడు.

రిజిస్టరులో మొదటి నమోదు శిక్ష! తొలి పోరాటంలోనే తన నాయకుని విమానాన్ని శత్రువుదని భ్రమపడి పారిపోయాడు. ఇంధనం అయిపోయి విమానం నేలకు దిగబడింది. మూడు రోజులు మెకానిక్కులతో పనిచేయమని పై అధికారి ఆదేశించాడు. ఆ కుర్రవాడు పాఠం నేర్చుకున్నాడు. ముందు చూడటం, ఆలోచించటం, బాగా దగ్గరకు వెళ్ళి కాల్చటం, వెంటనే తప్పుకోవటం - ఇదే అతని పద్ధతి. యుద్ధం ముగిసేసరికి 1,404 సార్లు యుద్ధానికి ఎగిరి, 352 విమానాలను కూల్చినట్లు నమోదయింది. ప్రపంచంలో మరే వైమానికునికీ అంత లెక్క లేదు. ఆ అంకె పూర్తిగా సరైనదేనా అని తర్వాత చరిత్రకారులు సందేహించారు. కాగితం మీది లెక్కకూ వాస్తవానికీ తేడా ఉండవచ్చునని గుమాస్తాలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

1944 ఆగస్టులో వజ్రాలు పొదిగిన పతకాన్ని హిట్లరే స్వయంగా అందజేశాడు. ఇక్కడ ఒక మాట మరువరాదు. ఆ యుద్ధం జర్మనీ 1941లో సోవియట్ దేశంపై దండెత్తి తెచ్చిపెట్టినది. అందులో సుమారు 2 కోట్ల 70 లక్షల మంది సోవియట్ ప్రజలు మరణించారు. ఎంత నేర్పు చూపినా ఆ నేర్పు ఏ ప్రభుత్వానికి ఉపయోగపడిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

1945 మే 8న చివరి విమానాన్ని కూల్చి, తన దళంతో అమెరికన్లకు లొంగిపోయాడు. వారు అందరినీ సోవియట్ సేనకు అప్పగించారు. ఆ ఏడాదే పుట్టిన కొడుకు 1948లో చనిపోయాడు. తండ్రి వాణ్ణి ఒక్కసారైనా చూడలేదు. 1949లో సోవియట్ న్యాయస్థానం 25 ఏళ్ళ శిక్ష వేసింది. 1955 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనార్ మాస్కో వెళ్ళి ఖైదీల విడుదలకు ఒప్పించిన తర్వాత, పదేళ్ళకు పైగా చెరలో గడిపిన హార్ట్‌మన్ ఇల్లు చేరాడు. భార్య ఉర్సులా అంతకాలం అతని కోసం ఎదురుచూసింది.

నాకు ముఖ్యమనిపించిన నమోదు ఆ తర్వాతది. 1956లో పశ్చిమ జర్మనీ వైమానిక దళంలో చేరి, 1959లో 71వ ఫైటర్ దళానికి అధిపతి అయ్యాడు. అప్పుడు ప్రభుత్వం ఎఫ్-104 స్టార్‌ఫైటర్ విమానాలను తెప్పించదలచింది. ఆ విమానం ఇంకా లోపాలతో ఉన్నదని, మన చోదకులకు అంత అనుభవం లేదని హార్ట్‌మన్ అభ్యంతరం తెలిపాడు. పైవారికి రుచించలేదు. దళాధిపత్యం పోయింది. 1970లో ముందుగానే పదవీ విరమణ చేయవలసి వచ్చింది. జర్మనీ తీసుకున్న 916 స్టార్‌ఫైటర్లలో 292 కూలిపోయి, 116 మంది చోదకులు మరణించారు. అభ్యంతరం ఎంత సరైనదో ఈ అంకెలే చెబుతాయి.

1993 సెప్టెంబరు 20న హార్ట్‌మన్ కన్నుమూశాడు. 1997 జనవరిలో రష్యా ప్రభుత్వ సైనిక న్యాయ విభాగం పాత తీర్పు చెల్లదని ప్రకటించింది. మనవారిలో కొందరికి బకాయిల ఉత్తర్వులు వారు పోయాక వచ్చినట్లే, ఇతనికీ ఆ ఉత్తర్వు పోయాక మూడేళ్ళకు వచ్చింది.

352 అన్న అంకెను లోకం గుర్తుంచుకున్నది. నేను మాత్రం ఆ అభ్యంతరాన్ని గుర్తుంచుకుంటాను. ఎందుకంటే, ఒకసారి నా బల్ల మీదికి వచ్చిన ఫైలులో తప్పు కనబడినా, 'పైవారి నిర్ణయం కదా' అనుకొని సంతకం చేసి పంపివేశాను. ఆ ఫైలు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు గాని, ఒక చిన్న ఉద్యోగికి రావలసినది రాలేదు. ఆ సంతకం ఈనాటికీ నన్ను బాధిస్తున్నది. యుద్ధంలో ధైర్యం చూపినవాడు ఆఫీసులోనూ చూపగలడని లేదు. ఇతడు ఆ రెండవచోట కూడా చూపాడు. మన పిల్లలు, మనుమలు ఉద్యోగాల్లో ఉన్నారు. నోటు రాయవలసి వచ్చినప్పుడు తమకు తోచిన నిజం రాయమని వారికి చెప్పండి.