మంద్రతంత్రి చరిత్రము



గడచిన సంక్రాంతికి మా మేనల్లుడు విశాఖపట్టణము నుండి వచ్చెను. అతడొక బ్యాంకులో ఉద్యోగి. పగలెల్ల లెక్కలు చూచుకొనును. సాయంకాలములందు నలుగురు స్నేహితులతో గూడి పాశ్చాత్య సంగీతము వాయించును. ధనాపేక్షచే గాదు, ముచ్చటచే. వాని భుజమున నల్లని గుడ్డసంచి యొకటి వ్రేలాడుచుండెను. విప్పి చూపగా పొడుగైన మెడయు, నాలుగు లావుపాటి తీగలును గల వాద్యము కనబడినది.

“ఇది యేమి వీణరా నాయనా?” యని యడిగితిని.

“వీణ కాదు మామయ్యా, బేసు గిటారు. మా మేళములో అడుగు స్వరము నాది” యనెను.

నేనొక తీగను మీటి చూచితిని. తుమ్మెద రొదపాటి ధ్వనియైనను రాలేదు. “వినబడని వాద్యమును ఇంత దూరము మోసికొని వచ్చితివా?” యని నవ్వితిని. వాడు చిన్నబుచ్చుకొనలేదు. “నేను వాయించునంతసేపును నన్నెవ్వరును గమనింపరు మామయ్యా. ఆపిననాడు మాత్రము ఏదియో పోయినదని అందరును తలయెత్తి చూతురు” అని బదులు చెప్పెను.

ఆ మాట నన్ను విడువలేదు. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును చరిత్రమును చెప్పినవాడను గావున, ఏ వస్తువు చేతికందినను దాని పుట్టుపూర్వోత్తరములు విచారింపనిదే నాకు తోచదు. ఆ విచారణమున తెలిసిన సంగతులను నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట ఈ వాద్యము చేయు పని యేమో తెలియవలెను. మన సంగీతమున ఆధారషడ్జమొక్కటి. తంబుర దానిని పట్టుకొనియుండగా గాయకుడు దానిమీద రాగమును విస్తరించును. కచ్చేరి ముగియువరకు ఆ యాధారము కదలదు. పాశ్చాత్యుల పద్ధతి వేరు. వారు పెక్కు స్వరములను ఏకకాలమున పలికింతురు. అడుగుననుండు స్వరము పాట నడచుకొలది మారుచుండును. పైనున్న స్వరములు అవియే యైనను, క్రింది స్వరము మారినచో వాని భావమే మారిపోవును; సంతోషము విషాదముగా వినబడవచ్చును. ఈ మారెడి యాధారమును మోయుటయే బేసు వాని ధర్మము.

పూర్వము ఈ పనిని నిలువెత్తు పిడేలువంటి వాద్యమొకటి చేయుచుండెను. దానిని డబుల్ బేసు అందురు. అది ఇంచుమించు ఆరడుగుల యెత్తుండును, నిలుచుండి వాయింపవలెను. పిడేలువలెనే దానికిని మెట్లు లేవు. స్వరస్థానము చెవికిని వ్రేలికిని తెలియవలసినదే. అమెరికా దేశపు నాట్యశాలలలో బాకాలును డప్పులును హెచ్చినకొలది దీని ధ్వని వానిలో మునిగిపోయెను. ఊరూరు తిరుగు మేళములకు దీనిని మోసికొనిపోవుట యొక పెద్ద శిక్ష. కారులో మనుష్యులు కూర్చుండవలసిన చోటును ఇదియే ఆక్రమించెడిది.

ఈ చిక్కును విప్ప యత్నించినవారిలో సియాటిల్ నగరమునందలి పాల్ టట్మార్క్ మొదటివారిలో నొకడు. అతడు 1930 తరువాతి దశకమున, గిటారువలె అడ్డముగా పట్టుకొని మెట్లమీద వాయింపదగిన విద్యుద్బేసును చేసెను. కాని అది వ్యాపింపలేదు. ఆ కీర్తి కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పురవాసి లియో ఫెండర్‌కు దక్కినది.

ఈ ఫెండర్ 1909లో జన్మించెను. చదివినది జమాఖర్చుల విద్య. 1938లో పెట్టుకొన్నది రేడియోలు బాగుచేయు అంగడి. రేడియోలో మాటలాడుచున్న నేను ఈ సంగతి చెప్పుట ముచ్చటగా నున్నది. విచిత్రమేమనగా, ఆయనకు గిటారు వాయించుట రాదు. వాయించువారు తన యంగడికి వచ్చి చెప్పుకొను కష్టములను ఓపికతో వినెను. అదియే ఆయన విద్య. 1951లో ఆయన వెలువరించిన వాద్యమునకు ప్రెసిషన్ బేసు అని పేరు. ప్రెసిషన్ అనగా కచ్చితము. మన వీణకు 24 మెట్లుండునట్లు దీనికి 20 మెట్లు అమర్చుటచే, మెట్టు వెనుక వ్రేలు నొక్కినచో స్వరము తప్పిపోదు.

దీని నిర్మాణమును రెండు మాటలలో చెప్పెదను. తీగలు ఉక్కువి, వాని క్రింద అయస్కాంతములును, వానికి చుట్టిన సన్నని రాగితీగయు నుండును. ఉక్కుతీగ కంపించినప్పుడు రాగితీగలో విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు అను యంత్రము దానిని పెంచి ధ్వనిగా వినిపించును. కాబట్టి మా యింట యంత్రము లేక నేను మీటినప్పుడు ధ్వని రాకపోవుటలో వాద్యము తప్పేమియు లేదు. వీణకువలె దీనికి కుండ లేదు. శరీరము గట్టి చెక్క. బోలుగా నున్నచో పెంచిన ధ్వని మరల వాద్యమును కదిలించి ఊళపెట్టును. అన్నిటికంటె క్రింది తీగ సెకనుకు 41 మారులు మాత్రమే కంపించును. ఆ పై తీగలలో ప్రతిదియు తన క్రింది తీగకు శుద్ధమధ్యమ స్థానమున నుండును.

ఇక నీ వాద్యమును గొప్పచేసిన మనుష్యుని కథ వినుడు. జేమ్స్ జేమర్‌సన్ 1936లో దక్షిణ కరోలినాలో నీగ్రోజాతి కుటుంబమున బుట్టి, 1954లో తల్లితో డెట్రాయిట్ నగరము చేరెను. అచ్చట పాఠశాలలో డబుల్ బేసు నేర్చెను. 1959లో బెర్రీ గోర్డీ అనునాయన ఆ నగరమున మోటౌన్ అను గ్రామఫోను సంస్థను స్థాపింపగా, ఒక సామాన్యగృహములో దాని పాటలు ముద్రితమయ్యెడివి. జేమర్‌సన్ అచ్చట నిత్యము వాయించువారిలో నొకడయ్యెను. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. 1962లో చేసిన ఫెండర్ వాద్యమొకటి ఆయన చేత నుండెను. తీగ తెగిననే తప్ప మార్చెడివాడు కాడు. ‘మై గర్ల్’ మొదలైన పాటలు లోకమంతయు వ్యాపించినవి. పాడినవారి పేర్లు ఇంటింట మ్రోగినవి. అడుగు స్వరమును మోసినవాని పేరు మాత్రము రికార్డుల యట్టలమీద అచ్చుపడలేదు. అచ్చుపడినది 1971లో, మార్విన్ గే పాడిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అను రికార్డుమీద. మరుసటి యేడే ఆ సంస్థ డెట్రాయిట్‌ను విడిచి లాస్ ఏంజెలెస్‌కు తరలెను. జేమర్‌సన్ తానును వెళ్లెను గాని అచ్చట నిలదొక్కుకొనలేకపోయెను. మద్యపానము ఆయనను క్రుంగదీసినది. 1983లో 47వ యేట మరణించెను. 2000లో ఆ దేశపు సంగీత కీర్తిమందిరములో ఆయన పేరు చేర్చిరి. చేర్చిరి గాని, చూచుకొనుటకు ఆయన లేడు.

ఈ కథను మా మేనల్లునికి చెప్పగా, వాడు కొంతసేపు మౌనముగా నుండి తన యనుభవమును చెప్పెను. “మొదటి రెండేండ్లును నా జీతములో సగము వాద్యములకే పోయినది మామయ్యా. మూడు గిటారులు మార్చితిని. చేయి మాత్రము మారలేదు. ఆ జేమర్‌సన్‌కు ఒక వాద్యము, ఒక వ్రేలు చాలినవి. ఇప్పుడు ఇది యొక్కటే యుంచుకొంటిని. మేళములు విచ్ఛిన్నమగుటయు చూచితిని. ప్రతివాడును తన వాద్యమే వినబడవలెనని ధ్వని పెంచును. తుదకు పాట వినబడదు. డప్పుగొట్టువాని పాదమును వినుచు వాయించుటయే నా పని. సభకు ముందుగా పోయి యంత్రము మోయుదును. అందరును పోయిన పిమ్మట మరల మోయుదును. ఇచ్చు సొమ్ము ఆటో కిరాయికి సరిపోవును. ఐనను మానలేను.”

పెద్దలారా, ఈ మాట వినుచుండగా నాకొక పాత తప్పు జ్ఞప్తికి వచ్చినది. ఇరువది యేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి వివాహమునకు మంచి సన్నాయి మేళమును పిలిపించితిని. తిరిగివెళ్లునాడు సన్నాయి విద్వాంసునికి శాలువ కప్పితిని. డోలు విద్వాంసునికి పంచెలచాపు పెట్టితిని. రెండు దినములు ఊపిరి తెగకుండ ఒకే స్వరమును పట్టిన ఒత్తు మనిషి స్తంభము చాటున కూర్చుండియుండెను. ఆయనకు తాంబూలమైనను ఇయ్యలేదు. ఆయన తన వాద్యమును గుడ్డలో చుట్టుకొని మారుమాట లేక వెడలిపోయెను. ఆయన పేరు నాడడుగలేదు. నేడు అడుగుదమన్న నెవరినడుగుదును? సంగీతములో ఆధారమేదో తెలిసిన పండితుడనని పేరుపొందిన నేనే ఇట్లు చేసితిని.

మన గ్రామములలో శ్రీరామనవమి పందిళ్లును, హరికథలును, వివాహములును మీ చేతులమీదుగా జరుగుచున్నవి. కరపత్రము అచ్చువేయించునప్పుడు హరిదాసుగారి పేరుతోపాటు మద్దెల వాయించువాని పేరును, శ్రుతి పట్టువాని పేరును అడిగి వేయింపుడు. రెండు పంక్తులు పెరుగును. అంతకు మించి వ్యయము లేదు.

మా మేనల్లుడు ఉగాదికి మరల వచ్చును. ఈమారు ధ్వనియంత్రమును గూడ తెమ్మని వ్రాసితిని. మోయుటకు బస్సునొద్దకు నేనును పోవుదును.