తీగ రాని చోటి నుంచి మిద్దె ఇంటిలోకి: వైఫై మన దాకా వచ్చిన దారి

స్కాలర్‌షిప్ అప్లికేషన్ల టైం వచ్చిందంటే మనోళ్లు అడిగే ప్రశ్న ఒకటే. ఇంట్లో ఫైబర్ బాక్సు ఉంది, ఫోన్‌కు వైఫై బాగానే వస్తుంది, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం దాని పేరే కనపడదు. ఎందుకని? దీనికి జవాబు చరిత్రలోనే ఉంది. కొంచెం ఓపికగా చదవండి.

తీగ లేకుండా కంప్యూటర్లను కలపడం పెద్ద నగరంలో పుట్టిన ఆలోచన కాదు. పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లో పుట్టింది. దీవికీ దీవికీ మధ్య సముద్రం, ఉన్న ఫోన్ లైన్లు ఖరీదు, పైగా నమ్మకం లేనివి. అందుకే అక్కడి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో రేడియో అలల మీదనే కంప్యూటర్లను కలిపింది. దాని పేరు అలోహానెట్. నల్లమల గూడెంలో ఉన్నోళ్లకు ఆ అవసరం ఏందో వేరే చెప్పాల్నా?

మన దేశంలో అలలు అంత సులువుగా అందలేదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. అదే కాలంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మన ఎరుకల, సుగాలీ తాతలు ఎందరో ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. అలకూ లైసెన్సే, మనిషికీ లైసెన్సే! మనుషుల మీది ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. అలల సంగతికి ఇంకో యాభై ఏండ్లు పట్టింది. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ పవర్ పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం ప్రకటించింది. ఈ రోజు మన ఇంట్లో రౌటర్ ఎవరినీ అడక్కుండా వెలుగుతోందంటే దాని పుణ్యమే.

అల ఉంటే చాలదు, ఇంటి దాకా లైను రావాల. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. మట్టి తవ్వే ఖర్చు లేకుండా 20 వేల కిలోమీటర్లకు పైగా కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగినారు. తెలివైన పనే, కాదనలేం. కానీ స్తంభమే సరిగా లేని గూడేనికి ఆ తెలివి ఏం పని చేస్తుంది?

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. ఈ మధ్య బాక్సులు రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి, 2.4, 5. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. 5 పేరు వాటికి కనపడనే కనపడదు. కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో 2.4 ఆన్‌లో ఉందో లేదో చూడండి. పేరు కనపడి కూడా కనెక్ట్ కాకపోతే సెక్యూరిటీ చూడండి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత మిషన్లకు అర్థం కాదు, 2004 నాటి డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేట్టు మార్చాల. పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోతే మామూలుగా బాక్సు అడుగున స్టిక్కర్ మీదే ఉంటుంది.

ఇంకోటి. కడప, కర్నూలు పల్లెల్లో మన పాత మిద్దెలకు రాయి, మట్టి గోడలు మూరెడు మందం. ఆ మందానికి 5 తొందరగా చచ్చిపోతుంది, 2.4 కొంత మెరుగ్గా దాటుతుంది. బాక్సును బీరువా వెనక దాచకుండా వాకిలికి ఎదురుగా, కాస్త ఎత్తులో పెట్టండి. ఏదీ కుదరకపోతే ల్యాన్ తీగ ఒకటి తెచ్చి బాక్సుకూ ల్యాప్‌టాప్‌కూ గుచ్చేయండి. అప్లికేషన్ సబ్మిట్ అయ్యేదాకా దానంత నమ్మకమైంది లేదు.

మీ తండాకు, మీ గూడేనికి ఫైబర్ లైను ఏ సంవత్సరం వచ్చింది? ఇంకా రాకపోతే ఏ స్తంభం దగ్గర ఆగింది? ఊరి పేరుతో సహా కింద రాయండి. ఈ లెక్క ఇంకెవరూ రాసి పెట్టరు.