వానాక్రై

వానాక్రై 2017 మే 12న బయటపడి, కొద్ది రోజుల్లోనే దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకిన రాన్సమ్‌వేర్. ఇది విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించాలని తెర మీద హెచ్చరిక పెట్టేది. మూడు రోజులు దాటితే 600 డాలర్లు, వారం దాటితే ఫైళ్లు దక్కవన్నది బెదిరింపు.

మోసపు ఈమెయిల్‌ను ఎవరో తెరవాలని ఇది ఎదురుచూడదు. నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కు సోకితే, ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ వ్యవస్థలోని లోపం గుండా పక్క కంప్యూటర్లలోకి తనంతట తానే దూరుతుంది. ఆ లోపాన్ని వాడుకునే ‘ఎటర్నల్‌బ్లూ’ అనే సాధనాన్ని తయారుచేసింది దొంగలు కాదు, అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ. షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని 2017 ఏప్రిల్‌లో బయటపెట్టింది. ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే జాగ్రత్తపడటానికి దాదాపు రెండు నెలల గడువుంది.

ఆ గడువును వాడుకోనందుకు ఎక్కువ మూల్యం చెల్లించింది బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్. ఇంగ్లండ్‌లో మూడో వంతుకు పైగా ఆస్పత్రి ట్రస్టులకు, 595 కుటుంబ వైద్యుల (జీపీ) క్లినిక్‌లకు దెబ్బ తగిలింది. రోగుల రికార్డులు తెరుచుకోక సిబ్బంది కాగితం, కలం పట్టారు. ఐదు ప్రాంతాల్లో అత్యవసర రోగులు దూరపు ఆస్పత్రులకు వెళ్లాల్సి వచ్చింది. సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. మామూలు జాగ్రత్తలు పాటించి ఉంటే ఈ దాడిని తప్పించుకోగలిగేవారని ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. బ్రిటన్‌లోనే కాదు, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లో కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి.

దాడి తొలిరోజే నెమ్మదించడానికి కారణం మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు. వానాక్రై ప్రతిసారీ ఒక వింత వెబ్ చిరునామాను పలకరించి, జవాబు వస్తే ఆగిపోయేలా రాసి ఉంది. ఎవరి పేరునా లేని ఆ చిరునామాను ఆయన పది డాలర్ల పైచిలుకుకు నమోదు చేసుకున్నాడు. దాంతో వ్యాప్తికి కళ్లెం పడింది. అయితే అది తాళం పడిన ఫైళ్లను విప్పలేదు.

దోపిడీగా చూస్తే ఇది నాసిరకం పని. వసూళ్లకు పెట్టుకున్నవి మూడే బిట్‌కాయిన్ చిరునామాలు కావడంతో, డబ్బు కట్టింది ఎవరో తేల్చుకునే దారి దాడి చేసినవాళ్లకే సరిగా లేదు. మొత్తం రాబడి లక్షన్నర డాలర్లకు చేరలేదు. ఎన్‌హెచ్ఎస్ ఒక్కదానికే జరిగిన నష్టం మాత్రం 9.2 కోట్ల పౌండ్లని బ్రిటన్ ప్రభుత్వం లెక్కగట్టింది.

దాడి ఉత్తర కొరియా పనేనని అమెరికా, బ్రిటన్ 2017 డిసెంబరులో ప్రకటించాయి. ఉత్తర కొరియా కాదంది.

ఎస్ఎంబీ లోపంతో ముప్పు వానాక్రైతో తీరలేదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ అదే లోపాన్ని వాడుకుని మేర్స్క్ నౌకా సంస్థను స్తంభింపజేయగా, ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ కంటైనర్ టెర్మినల్ పని ఆగింది. 2018 ఆగస్టులో తైవాన్ చిప్‌ల తయారీ సంస్థ టీఎస్ఎంసీ కర్మాగారాల్లో వానాక్రై రకమే మళ్లీ తలెత్తింది. ప్యాచ్ విడుదలై అప్పటికి దాదాపు 17 నెలలు.