తండా ఊరైన కథ

1984కు ముందు తెలంగాణ పల్లెలో సర్కారు అంటే పటేలు, పట్వారీ. భూమి లెక్క పట్వారీ దస్తరంలో ఉండేది, ఆ దస్తరం ఆయన ఇంట్లో ఉండేది. పహాణీ నకలు కావాలంటే ఆయన వాకిట్లో నిలబడాల్సిందే. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య కొలువులను రద్దు చేసి, 1985లో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలను ఏర్పరిచింది. హుస్నాబాద్ కూడా మండల కేంద్రమైంది. రైతు పొద్దున బయల్దేరి, ఆఫీసులో పని చూసుకుని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరే వీలు కలిగింది. మన పాలనలో ఇంత మేలు చేసిన మార్పు మరొకటి లేదని నా నమ్మకం.

కానీ ఆ మేలు లంబాడాలు ఉండే తండా దాకా పూర్తిగా రాలేదు. తెలంగాణ లంబాడాలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతోనే దక్కింది. అయినా పంచాయతీ లెక్కల్లో తండా ఏదో ఒక ఊరికి శివారుగానే మిగిలింది. ఓట్లు ఊళ్లో ఎక్కువ కాబట్టి సర్పంచు చాలాచోట్ల ఊరివాడే. నల్లా నీళ్లు, వీధి దీపాలు, సీసీ రోడ్డు ముందు ఊరికి, మిగిలితే తండాకు. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదవుల్లో రిజర్వేషన్లు ఇచ్చింది, తండా సరిహద్దును మాత్రం మార్చలేదు. "మా తండాలో మా రాజ్యం" అన్న నినాదానికి బలం ఆ కడుపుమంటే.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఆ సరిహద్దు మారింది. రాష్ట్రంలో కొత్తగా 4,383 పంచాయతీలు వెలిశాయి, మొత్తం 12,751 అయ్యాయి. హుస్నాబాద్, అక్కన్నపేట వైపు తండాలకూ సొంత పంచాయతీలయ్యే దారి తెరుచుకుంది. జనాభా అంతా ఎస్టీలే అయిన పంచాయతీల్లో సర్పంచు, వార్డు పదవులన్నీ వారివే. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత కార్యదర్శులు వచ్చారు, చెత్త ఎత్తడానికి ట్రాక్టర్లూ వచ్చాయి.

పాలకవర్గాల గడువు ముగియడంతో 2024 ఫిబ్రవరిలో పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లోనే. అప్పటిదాకా ఎన్నికైన పాలకవర్గం లేక కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ఊరికి అంగడో, దుకాణాల పన్నో ఉంటుంది. తండాకు ఇంటిపన్ను తప్ప చెప్పుకోదగ్గ రాబడి లేదు. ట్రాక్టరు డీజిలుకు, కరెంటు బిల్లుకు, సఫాయి కార్మికుల జీతాలకు గ్రాంటే దిక్కు. కాబట్టి ఎన్నికలు గడువులోనే జరగాలి. జనాభాతో నిమిత్తం లేని కనీస నిధి ఏటా నేరుగా తండా పంచాయతీ ఖాతాలో పడాలి. ఈ రెండూ ప్రభుత్వం వెంటనే చేయవలసిన పనులు.